నీడ పొట్టిగా ఉండే వేళ

జూలై 28, సోమవారం. యూవీ 9.

పళ్లు తోముకోవడం కంటే ముందు ఫోన్‌లో ఈ అంకె చూసుకోవడం అలవాటైపోయింది. తెల్లవారుజామున సున్నా ఉంటుంది, మధ్యాహ్నానికి ఎంత ఎక్కుతుందో పక్కనే చూపిస్తుంది. మూడు దాటితే జాగ్రత్త పడాలి, ఎనిమిది దాటితే బయటికే పోవద్దు. బయట చూస్తే ముసురు. బీదర్‌లో ఈ నెలంతా ఇంతే, చల్లగాలి, చెప్పులకు ఎర్రమట్టి. స్వెటర్ వేసుకోవాలనిపించే రోజున కూడా పల్చటి మబ్బులోంచి తొమ్మిది దిగుతుంది. వేడి వేరు, అతినీలలోహితం వేరు. మా స్టాఫ్‌రూంలో ఇది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటే కొంచెం గర్వంగా ఉంటుంది.

ఎడమ చెంప మీది మంగు కుడి చెంప కంటే ముదిరింది. నాలుగేళ్లుగా కారులో మా ఆయన శ్రీహరి పక్కన ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటున్నాను కదా. కిటికీ అద్దం చర్మాన్ని కమిలించే కిరణాలను ఆపుతుంది, లోపలికి దిగి నలుపు తెచ్చేవాటిని చాలావరకు వదిలేస్తుంది. ఈ మాట ఏటేటా సెకండ్ పీయూ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు చెప్తాను. చెప్పేటప్పుడు చెయ్యి చెంప మీదికి పోకుండా చూసుకుంటాను.

ఎవరైనా అడిగితే అలర్జీ అంటాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్, నలభై నాలుగేళ్లు. ఒక మచ్చను దాని పేరుతో పిలవలేను. డాక్టర్‌కు చూపించకుండా మెడికల్ షాపులో కొన్న ట్యూబ్ అలమరలో చీరల వెనక ఉంది.

ఆగస్టు 1, శుక్రవారం. యూవీ 11.

బీదర్ మీద సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజులివి. పిల్లలను గ్రౌండ్‌లోకి తీసుకుపోయి స్టీలు గ్లాసు బోర్లించి పెట్టించాను. పన్నెండుంపావు దాటాక మబ్బు రెండు నిమిషాలు విడిపోయింది. గ్లాసు చుట్టూ నీడ లేదు. కేకలు వేశారు.

“మన నీడ మనకన్నా పొట్టిగ ఉన్నంతసేపు ఎండ గట్టిది,” అన్నాను. “నీడ పొడుగైనంక భయం తక్కువ. యంత్రం అక్కర్లేదు, నేల చూసుకుంటే చాలు.”

వరండా దిగకుండా నిలబడిన ప్రేమల అడిగింది: “నీడనే లేకుంటే దాక్కునేతందుకు జాగ ఏడుంటది మేడం?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జనవాడ నుంచి బస్సులో వస్తుందీ పిల్ల. నేను తెలుగుదాన్నని తెలిసి నాతో తెలుగే మాట్లాడుతుంది. చున్నీ ఎప్పుడూ నొసటి మీదిదాకా ఉంటుంది.

పంద్రాగస్టు లెజిమ్ డ్రిల్‌కు ఆడపిల్లల ఇన్‌ఛార్జిగా నన్ను వేశారు. నూట ఇరవై మంది, ఒక్కొక్కరి చేతిలో చెక్కపిడికి కట్టిన గొలుసు, ఇనుప బిళ్లల చప్పుడు. డ్రిల్ మాస్టర్ వీరేష్ అడిగాడు, “పొద్దుగాల ఎనిమిదికి పెట్టుమంటరా మేడం, పదకొండుకా?”

పదకొండు అన్నాను. ఎనిమిదికి పెడితే మొదటి పీరియడ్ పోతుంది.

ఆగస్టు 2, శనివారం. యూవీ 10.

ప్రాక్టీసు మొదలైంది. ప్రేమల ఒక చిట్టీ ఇచ్చింది. నాలుగు మడతలు, కన్నడ చేతిరాత. మొదటి వరుసలో ఎండ అన్న మాట పోల్చుకున్నాను, అంతే. “సరే, చూస్తాను” అని బ్యాగులో వేసుకున్నాను.

సాయంత్రం శ్రీహరి విత్తనాల కంపెనీ వాళ్లిచ్చిన గొడుగు తెచ్చాడు. లోపల వెండిరంగు పూత ఉంది. బాగుంది.

ఆగస్టు 4, సోమవారం. యూవీ 8.

మబ్బు. పిల్లలు అడుగు కలపడం లేదు.

ఆగస్టు 5, మంగళవారం. యూవీ 10.

ఇవాళ కొంచెం కటువుగా మాట్లాడాల్సి వచ్చింది. మధ్యలో ప్రేమల వరుస విడిచి వరండా దగ్గరికి వచ్చింది.

“మేడం, నేను ఎండల నిలబడద్దు.”

“ఎండ ఏదమ్మా? ఆకాశం చూడు.”

“మబ్బున్నా నిలబడద్దన్నరు మేడం. చిట్టీల రాసిచ్చిండు మా నాయిన.”

అప్పుడు చూశాను ఆమె ముఖం. ముక్కు మీదుగా రెండు చెంపలకూ ఎరుపు. ఏదో క్రీము రాసుకుందనుకున్నాను. ఇంత పిల్లకు ఇప్పటినుంచే క్రీములా అనిపించింది.

“నల్లబడ్తవని భయమా? ఇంతమంది నిలబడలేదా? మీ అందరికి పెండ్లిచూపులు రేపేనా?”

పిల్లలు పగలబడి నవ్వారు. ఒకమ్మాయి లెజిమ్ ఝల్లుమని ఆడించింది. ప్రేమల చున్నీ నడుముకు కట్టుకొని పోయి తన జాగాలో నిలబడింది. లెజిమ్‌కు చున్నీ నెత్తిన ఉండొద్దని నియమం. నేను పెట్టిందే.

పిల్లలన్నాక ఒక మాట అంటాం. క్రమశిక్షణ అనేది ఒకటుంటుంది కదా.

ఆగస్టు 7, గురువారం. యూవీ 11.

ప్రేమల నిన్న రాలేదు, ఇవాళ రాలేదు. అలిగిందేమో.

ఆగస్టు 11, సోమవారం.

ప్రిన్సిపాల్ శివానంద్ సార్ పిలిపించారు. గదిలో ప్రేమల తండ్రి ఏసప్ప నిలబడి ఉన్నాడు, మేస్త్రీ పని చేస్తాడట. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోళ్లలో సిమెంటు.

ప్రేమల ఐదు రోజుల నుంచి ఆసుపత్రిలో ఉంది. జ్వరం దిగడం లేదు, వేళ్ల కీళ్లు వాచి గ్లాసు పట్టుకోలేకపోతోంది. జబ్బు పేరు లూపస్. ఒంటికి కాపలా కాయాల్సిందే ఒంటి మీద తిరగబడుతుంది, ఎండ తగిలితే రెచ్చిపోతుంది. ముక్కు మీదుగా చెంపలకు పాకే ఆ ఎరుపు దాని గుర్తట. మూత్రపిండాలకు పాకిందేమోనని పరీక్షకు పంపారు.

“నేను చిట్టీ రాసిచ్చిన సారూ,” అన్నాడు ఏసప్ప. “పోరి చేతుల పెట్టిన. మేడమ్‌కు ఇచ్చిన అంటున్నది.”

సార్ నా వైపు తిరిగి కన్నడలో అడిగారు: చిట్టీ ఏమైనా ఇచ్చిందా మేడం?

“నాకేం అందలేదు సార్.”

ఎంత తేలిగ్గా వచ్చిందో. గొంతు కూడా మారలేదు. పిల్లలు బ్యాగులో పెట్టుకొని మరిచిపోతారు అని సార్ నా తరఫున సమాధానం చెప్పుకున్నారు.

“అట్ల గూడ కావచ్చు సారూ. భయానికి ఇచ్చిన అన్నదేమో.” ఏసప్ప నేల చూస్తున్నాడు. “ఇంత దవాఖాన్ల పండి గూడ అబద్ధమాడుతున్నదంటే ఏమనాలె. ఇది చదువు నేర్పిన బుద్ధేనాయె. ఇగ బంద్ చేపిస్త. ఇంట్లనే కూసుంటది నీడపట్టున.”

పోతూ పోతూ నాకు దండం పెట్టాడు. “మీకు తక్లీఫ్ ఇచ్చినమమ్మా.”

నాకేం అందలేదు. నాకేం అందలేదు.

అదే రోజు, సాయంత్రం.

బ్యాగులో పక్క జిప్పులో ఉంది. సన్‌స్క్రీన్ మూత సరిగ్గా పడక ఒక మూల నూనె మరక.

ఈ ఊళ్లో పద్నాలుగేళ్లయింది. జహీరాబాద్ నుంచి ముప్పై కిలోమీటర్లు దాటి వచ్చాను, ఒక లిపిని మాత్రం దాటలేదు. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు పినతండ్రి పిల్లలు, అచ్చులో ఉంటే ఎలాగో నెట్టుకొస్తాను. మాట్లాడటం వచ్చు. చేతిరాత మాత్రం రాదు. సర్క్యులర్ వస్తే “ఏముంది ఇందులో” అని తొందరగా ఉన్నట్టు ఎవరినో అడిగి సంతకం పెడతాను. ఒక్కరికీ అనుమానం రాలేదు. కన్నడ చిట్టీలన్నీ ఇన్నేళ్లుగా మొదటి వరుస చూసి, మిగతాది ఊహించుకునే నడిపాను.

ఇవాళ రెండో క్లాసు కన్నడ వాచకం పక్కన పెట్టుకొని ఒక్కొక్క అక్షరం చదివాను. గంటన్నర పట్టింది. తెలుగులో ఇలా ఉంటుంది:

“ఎండ ఒంటికి తగిలితే జబ్బు పెరుగుతుందని నా కూతురు ప్రేమలకు డాక్టర్ గారు చెప్పినారు. మబ్బు ఉన్నా తగలకూడదన్నారు. ఇంకా పరీక్షలు ఉన్నవి. లెజిమ్ అంటే ఆమెకు చాలా ఇష్టము, అందుకే వద్దనలేకపోయినాను. నీడలో ఉండి చేసే పని ఏదైనా ఇవ్వగలరు. ఫిజిక్స్ మేడం గారు ఇది వెంటనే అర్థం చేసుకుంటారని మా అమ్మాయి చెప్పింది.”

ఆగస్టు 12, మంగళవారం.

ఇంకొకటి రాయాలి. ఒకటో తారీఖున రాసింది నిజం కాదు. ఎనిమిదికి పెడితే మొదటి పీరియడ్ పోతుంది, పదకొండుకు పెడితే నాలుగోది పోతుంది. పోయేది ఒక్కటే కదా.

మా వరండా తూర్పు ముఖం. పొద్దున ఎనిమిదికి సూర్యుడు కిందుగా ఉంటాడు, ఎండ వరండా లోపలి గోడదాకా వస్తుంది, నేను నిలబడే చోటికి కూడా వస్తుంది. పదకొండుకు సూర్యుడు పైకెక్కుతాడు, వరండా అంతా చల్లటి నీడ. గ్రౌండ్ మొత్తానికి మాత్రం ఉండదు. ఇది లెక్క వేసి చెప్పలేదు అప్పుడు. లెక్క వేయకుండానే నాకు తెలుసు. నాలుగేళ్లుగా ఏ గోడకు ఏ గంటకు నీడ పడుతుందో నా ఒంటికి తెలుసు.

ఎనిమిదింటికి అంకె ఎంతుంటుందని ఫోన్‌లో చూశాను. ఒకటి.

ఆగస్టు 13, బుధవారం.

శ్రీహరికి చెప్పాను. చిట్టీ బ్యాగులో ఉండిపోయిందని చెప్పాను.

“ఇప్పుడేమైంది? చింపి పారెయ్,” అన్నాడు టీ ఊదుకుంటూ. “రసీదు రాసిచ్చినవా ఏంది? ఎండల అందరినీ నిలబెడ్తరు. పంద్రాగస్టుకు నేను నిలబడలేదా, మా మాస్టర్ నిలబెట్టలేదా? పిల్లకు పానం బాగలేదంటే నీ తప్పెట్లయితది?”

“మబ్బుల గూడ తగులుతదని నాకెరుకనే గదా.”

“నీకు శానా ఎరుక. గా ఎరుకతోటే ఇంట్ల పర్దాలన్ని మూసి పట్టపగలు లైటేస్తవు.” నవ్వాడు. నవ్వి నా ముఖం చూసి ఆపేశాడు. “సరే, ప్రిన్సిపాల్ అడిగితే ఏం చెప్పినవ్?”

“ఇంకా అడగలేదు.”

ఇది రెండో అబద్ధం. ఇది ఇంట్లో.

ఆగస్టు 15, శుక్రవారం.

లెజిమ్ బాగా జరిగింది. మూడో వరుసలో ప్రేమల జాగా ఖాళీగా ఉంటుందనుకున్నాను. వీరేష్ ముందే వరుస దగ్గరికి జరిపించాడు. ఎక్కడా సందు లేదు.

శివానంద్ సార్ మైకులో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. గ్రూపులో ఫొటోలు పెట్టారు. నూట పంతొమ్మిది మంది పిల్లలు కళ్లు చికిలించి చూస్తున్నారు, పక్కన వెండిరంగు పూత ఉన్న గొడుగు కింద ఒక మనిషి కళ్లు హాయిగా తెరుచుకొని ఉంది.

ఆగస్టు 16.

రేపు పోతాను.

ఆగస్టు 17, ఆదివారం.

పోయాను. జనవాడ బస్సు ఎక్కేముందు రెండు బస్సులు వదిలేశాను.

ప్రేమలను మొన్న ఇంటికి పంపారు. చర్చి వెనక సందులో ఇల్లు. కిటికీకి దుప్పటి కట్టారు. లోపలి గది మూలలో గోడకు ఆనుకొని కూర్చుంది, జుట్టు పల్చబడింది. నన్ను చూసి లేవబోయింది, కీళ్లు పట్టేసి మళ్లీ కూర్చుంది. ఏసప్ప పీట తెచ్చి, దాన్ని తువ్వాలతో తుడిచి వేశాడు. ఆ తుడవడం చూడలేకపోయాను.

వాకిట్లో టీ పెడుతున్నామన్నారు. టీ వచ్చేలోపల చెప్పేయాలనుకున్నాను. వచ్చాక అయితే వాళ్ల టీ తాగి చెప్పినట్టు అవుతుంది.

“అన్నా, చిట్టీ నాకు ఇచ్చింది ప్రేమల. రెండో తారీఖే ఇచ్చింది. నా బ్యాగులనే ఉన్నది. సార్ ముంగట నేను అబద్ధం చెప్పిన.”

చిట్టీ తీసి అతని చేతిలో పెట్టాను. విప్పి చూసుకున్నాడు, తనదేనా అన్నట్టు. నూనె మరక మీద వేలితో రుద్దాడు.

“ఆ రోజు దవాఖానకు పోయి రెండు దెబ్బలేసినమ్మా,” అన్నాడు. “జ్వరంల ఉన్న పిల్లను. మీరు లేదన్నరు గద. మేడం ఎందుకు అబద్ధమాడ్తది అని ఏసిన.”

లేచి వాకిట్లోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ప్రేమల నన్ను చూస్తోంది. “చదివిండ్రా మేడం చిట్టీ?”

“చదివిన. మొన్న సోమవారం.”

“ఇచ్చిననాడు?”

“చదవలె. నాకు కన్నడ చేతిరాత రాదు ప్రేమలా. సిగ్గయి ఎవ్వరికి చెప్పలె.”

ఆమె ముఖంలో కోపం కోసం చూశాను. ఆశ్చర్యం మాత్రమే ఉంది.

“నాకిస్తే నేనే తెలుగుల చదివి చెప్దును గద మేడం. అర్ధ నిమిషం.”

అర్ధ నిమిషం.

“నల్లబడ్తనని భయమా అన్నరు ఆ రోజు,” అంది. “నాకు ఆ భయం లేకుండె మేడం. మీకున్నదని మా క్లాసుల అందరికి ఎరుక. మీరు చాక్‌పీసు పట్టుకున్నంతసేపు కిటికీ దిక్కు చెంప చెయ్యి అడ్డం పెట్టుకుంటరు. అందుకే అనుకున్న, మీకైతే నా సంగతి జల్ది సమజైతదని.”

మూత్రపిండాల పరీక్ష సంగతి అడిగాను. కొంచెం తేడా ఉందట, మందులతో దిగుతుందన్నారట. ఎండ వల్ల వచ్చిందా, ఎట్లైనా వచ్చేదా అని అడగాలనుకున్నాను. అడిగితే నా కోసం అడిగినట్టే. ఊరుకున్నాను.

టీ వచ్చింది. ఏసప్ప తనే తెచ్చి ఇచ్చాడు. “చదువు బంద్ చెయ్యద్దు అన్నా,” అన్నాను. “ఆ మాట నేను అడిగేది కాదు. అయినా అడుగుతున్న.”

“సార్ ముంగట లేదన్నరు మీరు,” అన్నాడు. “సార్ ముంగటనే ఉన్నదనుండ్రి. అటెన్క చూస్త.”

ఆగస్టు 18, సోమవారం.

అన్నాను. కన్నడలో నోటితో చెప్పాను, కాగితం మీద ఇంగ్లీషులో రాసిచ్చాను. ఎందుకు చదవలేదో కూడా రాశాను. పద్నాలుగేళ్లు దాచింది రాయడానికి ఒక వరుస చాలింది.

శివానంద్ సార్ అద్దాలు తీసి పెట్టుకున్నారు. అయిపోయింది కదా మేడం, తండ్రి కూడా మళ్లీ రాలేదు, ఇప్పుడు కాలేజీ పేరు ఎందుకు అన్నారు. ఆయన ఫోన్‌లోంచే ఏసప్పకు కలపమన్నాను. కలిపారు. చెప్పాను. సార్ వింటుండగా, గుమస్తా వింటుండగా. అవతల “ఆ” అన్నాడు, అంతే. ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. కన్నడలో. గుమస్తా “చదివి వినిపించమంటారా” అన్నాడు చాలా మర్యాదగా. సాయంత్రానికి స్టాఫ్‌రూం అందరికీ తెలిసిపోయినట్టుంది. అందరూ నాతో ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టారు.

శ్రీహరికి అంతా చెప్పాను, ఇంట్లో చెప్పిన అబద్ధంతో సహా. “నాకెందుకు చెప్పవైతివి?” అన్నాడు. అన్నం సగం తిని లేచాడు.

ఆగస్టు 25, సోమవారం. యూవీ 11.

అంకె మళ్లీ చూశాను. చూడనని ఒట్టేమీ పెట్టుకోలేదు. అంకె తప్పు చేయలేదు.

ఇకమీదట గ్రౌండ్ ప్రాక్టీసులు పొద్దున ఎనిమిదికి, ఎనిమిదిన్నరకల్లా ముగించాలి, చున్నీ, టోపీ ఎవరి ఇష్టం వారిది. వీరేష్‌తో కలిసి రాయించి నోటీసు బోర్డులో పెట్టించాను. “ఇది ముందే చెప్పకపోతిరి మేడం,” అన్నాడు వీరేష్. వెటకారంగా కాదు, మామూలుగానే అన్నాడు. అందుకే మరీ గుచ్చుకుంది.

ట్యూబ్ ఇంకా చీరల వెనకే ఉంది. పారేశానని రాయాలనిపించింది. పారేయలేదు.

సెప్టెంబర్ 2.

మూడో వరుస బెంచీ ఇంకా ఖాళీ. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర గొంతు తగ్గుతోంది. తగ్గించకూడదు. పిలవాలి.

సెప్టెంబర్ 9, మంగళవారం. యూవీ 10.

వచ్చింది.

పొడుగు చేతుల చొక్కా, మెడదాకా గుండీలు, నల్ల గొడుగు. గేటు దాకా ఏసప్ప దింపి పోయాడు, లోపలికి రాలేదు, నా వైపు చూడలేదు. ప్రేమల గ్రౌండ్ అడ్డంగా కోసుకొని రాలేదు. గోడ నీడ పట్టుకొని చుట్టూ తిరిగి వచ్చింది, ఆ నీడ ఎక్కడ తెగిపోతుందో అక్కడ గొడుగు విప్పి. నేను నాలుగేళ్లుగా నడిచిన దారే. అది నడవడంలో నేను ఎన్నడూ సిగ్గుపడాల్సిన పని లేదని ఆమెను చూస్తే తెలిసింది. సిగ్గు ఉండాల్సిన చోటు వేరే.

స్టాఫ్‌రూంలోకి వచ్చి నా బల్ల ముందు నిలబడి చిట్టీ ఇచ్చింది. నాలుగు మడతలు. ఏసప్ప చేతిరాత.

“ఏముందమ్మా ఇందులో?” అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. పద్నాలుగేళ్ల అలవాటు.

“కూసో ప్రేమలా,” అన్నాను.

“నిలబడ్త మేడం. నీడనే గద.”

విప్పాను. పక్క బల్లల వాళ్లు తలలు దించుకున్నారు, వినడానికే దించుకున్నారు. వేలు పెట్టి పైకే చదవడం మొదలుపెట్టాను. మొదటి వరుస వచ్చింది. రెండో వరుసలో ఒక ఒత్తు దగ్గర ఆగిపోయాను. తల ఎత్తాను. ప్రేమల అందించలేదు. కాగితం వైపే చూస్తూ నిలబడింది, తొందరేమీ లేనట్టు, బెల్లు కొట్టినా కదిలేది లేనట్టు.

మళ్లీ మొదటి అక్షరం నుంచి కూడబలుక్కున్నాను. ప్రతి నెలా మూడో మంగళవారం ఆసుపత్రికి పోవాలి, ఆ రోజు సెలవు ఇవ్వగలరు, ఎండలో నిలబెట్టవద్దు. బెల్లు కొట్టింది. ఇంకో వరుస మిగిలి ఉంది.

“ఇంకొకటున్నది మేడం,” అంది ప్రేమల.

చదివాను. చదివినవారు కింద సంతకం చేసి పంపగలరు, అని ఉంది.